కుర్చీల వీధిలో గడప

ఏప్రిల్ 9, ఆదివారం

తలుపు సందులోంచి పోస్టువాణ్ణి తిట్టుకుంటూ కూర్చునే మా సఫ్తక్కకి,

పాపం, వాణ్ణి ఏమీ అనకు. రాయనిది నేను. "మా వెతూరియాకి స్పెయిన్‌లో సుఖం ఎక్కువై మేం గుర్తు రావడం లేదు" అని నువ్వు ఈపాటికి బకావ్ బజారంతా చాటి ఉంటావు. చాటుకో. సుఖం ఎక్కువైన మాట నిజమే. ఎంత ఎక్కువైందంటే, ఈ ఊళ్ళో నన్ను అందరూ మంచిదాన్నంటున్నారు.

నవ్వకు. పెళ్ళికొడుకు బూట్లు మార్చేసి రెండూ ఎడమకాలివే మిగిల్చిన వెతూరియాని, సంతలో పోలీసు టోపీలో గుడ్డు పెట్టిన వెతూరియాని ఇక్కడ ఏమంటారో తెలుసా? "పాపం, ఎంత నెమ్మదస్తురాలో!" ఎందుకనవు? నా దగ్గరున్న స్పానిష్ అంతా కలిపితే "అవునండీ, కాదండీ, మందు వేసుకున్నారా, ఇవాళ ఎండగా ఉంది". ఈ నాలుగు ముక్కలతో ఎవతైనా మంచిదే అవుతుంది. ఎకసెక్కానికి మాట గబుక్కున రావాలి. నాకు వచ్చేసరికి అవతలివాళ్ళు రొట్టె కొనుక్కుని ఇంటికి పోయి తినేసి ఉంటారు. తరవాత గిన్నెలు తోముతుంటే తడుతుంది భలే జవాబు. ఆ జవాబు గిన్నెలకి చెప్పుకుంటాను. యాభై రెండేళ్ళు నోటితో బతికిన మనిషిని, ఇక్కడ చేతులతో బతుకుతున్నాను. నాకు ఇక్కడ పని దొరికింది, తిండి దొరికింది. నేను మాత్రం దొరకడం లేదు.

చలికాలమంతా నారింజపళ్ళ షెడ్డులో మన రొమేనియా వాళ్ళ మధ్యే ఉండి ఈ మధ్యనే అది మానేశానని ఫోనులో చెప్పాను కదా. ఇప్పుడు దోన్యా లియోకాదియా (దోన్యా అంటే మన అమ్మగారు లాంటి మాట) అనే ఎనభై ఆరేళ్ళ ఆవిడ ఇంట్లోనే ఉంటూ ఆవిణ్ణి చూసుకుంటున్నాను. కాళ్ళు లేవవు, నోరు లేస్తుంది. ఒక్కడే కొడుకు, అమాదెయో, పట్నంలో ఉంటాడు. వచ్చినప్పుడల్లా నా భుజం తట్టి "మీరు మా ఇంటి మనిషే" అని, తన కాఫీ కప్పు నా చేతికిచ్చి పోతాడు.

ఈ వీధిలో ఒక అలవాటుంది. ఎండ తగ్గాక ఎవరి కుర్చీ వాళ్ళు బయటికి తెచ్చుకుని, ఇళ్ళ ముందు గుండ్రంగా వేసుకుని కూర్చుంటారు. కూర్చుని చేసేదేం లేదు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళ గురించి మాట్లాడతారు; అందుకే ఎవ్వరూ మానరు. లియోకాదియా రోజంతా ఆ గంటన్నర కోసమే బతుకుతుంది. నేను ఆవిడ కుర్చీ దించి, ఆవిణ్ణి దించి, వెనక గడప మీద కూర్చుంటాను. ఎదురింటి ఫినా ఆ కుర్చీలకి మహారాణి. మాటకి పదును పెట్టడంలో మనకి చుట్టం కావాల్సిన మనిషి. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు దహించుకుపోయేది. నాకు భాష ఉంటేనా!

భాష అక్కర్లేని పని ఒకటి ఉందని ఏప్రిల్ ఒకటిన గుర్తొచ్చింది. ఆ రోజు పొద్దున్నే ఎల్విరా రొట్టెల కొట్టుకి వెళ్ళి, శవం దగ్గర నిలబడ్డట్టు మొహం పెట్టి చెప్పాను: "పోలీసు వచ్చాడు. ఇవాళ్టినుంచి వీధిలో కుర్చీ వేస్తే జరిమానా." అంతే. మధ్యాహ్నానికల్లా నవ్వులు, నన్ను చెవి పట్టుకుని తిప్పడాలు, మనూళ్ళో అయితే అదే కదా జరిగేది.

నేను ఇంటికి వచ్చి పాలు కాచేలోపే వీధిలో కేకలు. చూస్తే ఫినా ముందు, వెనక ఆడవాళ్ళందరూ, నెత్తిమీద కుర్చీలతో ఊరేగింపు! చావడి ముందు బారులో టౌన్‌హాలు పెద్దమనిషి ఒకాయన ఆలివ్ కాయలు నములుతూ కూర్చుంటే చుట్టూ కుర్చీలు వేసి ముట్టడించారు. నేను వెనకే పరిగెత్తి "ఏప్రిల్ ఒకటి! ఇవాళ ఏప్రిల్ ఒకటి!" అని అరుస్తున్నాను.

ఎల్విరా వెనక్కి తిరిగి, "అవును ఒకటే. అయితే ఏంటి?" అంది.

వీళ్ళకి ఆ రోజు లేదక్కా. ఒట్టి శనివారం.

ఆ పెద్దమనిషికి మొదట ఏమీ తెలీదు. కానీ ఊరంతా చూస్తుండగా ఫినా ఆయన్ని "కుర్చీ దొంగా" అంది, ఆయనకి పౌరుషం వచ్చింది. సోమవారం పాత నిబంధనలు తవ్వించాడు. బయట కుర్చీ వేయాలంటే బారు వాళ్ళయినా సరే, ముసలమ్మలైనా సరే, అనుమతి ఉండాలట. మర్నాడు ప్రతి గోడకీ నోటీసు అంటించారు. నేను ఆడిన అబద్ధం మూడు రోజుల్లో చట్టమైంది. మన దేశంలో నిజాలు కూడా ఇంత తొందరగా అమలు కావు.

ఫినా నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కిటికీ దగ్గరికి వచ్చి, "మా అమ్మ ఇక్కడే కూర్చుంది. మా అమ్మమ్మ ఇక్కడే కూర్చుంది. నువ్వొచ్చి ఎన్నాళ్ళయింది?" అని, జవాబుకి ఆగకుండా తన ఇంట్లోకి పోయి తలుపేసుకుంది.

లియోకాదియా ఇప్పుడు గోడవైపు తిరిగి కూర్చుంటోంది. నాతో నవ్వు తగ్గించింది. అంతకు ముందు మాత్రం ఎక్కడ నవ్విందిలే.

ఇక్కడ మంచిదాన్ని అనిపించుకునే బాధ మాత్రం తీరింది.

నీ చెల్లెలు,
వెతూరియా

*

జులై 16

ఉత్తరం చింపకుండానే వాసన చూసి కబురు చెప్పే అక్కకి,

మంచి కబురు, చెడ్డ కబురు రెండూ ఉన్నాయి. నువ్వెలాగూ చెడ్డది ముందు వెతుక్కుంటావు కనక దాన్ని చివర పెడతాను.

రెండు నెలలు వీధి బోసిపోయింది. కుర్చీలు లోపల, మనుషులు లోపల, టీవీలు మాత్రం బయటికి వినిపిస్తూ. ఎల్విరా నాకు రొట్టె ఇచ్చేది గానీ నా మొహం చూసేది కాదు. ఫినా రోడ్డు దాటేటప్పుడు నన్ను చూసి మళ్ళీ అటే దాటేది. అన్నిటికంటే కష్టం లియోకాదియాది. తిండి తగ్గించేసింది. ఒకరోజు స్నానం చేయిస్తుంటే అంది, "పిల్లా, నాకింక ఎన్ని వేసవులున్నాయనుకున్నావు? అందులో ఒకటి నువ్వు తినేశావు."

ఆ మాట నాకు ఎముకలో దిగింది. మర్నాడు ఎండ తగ్గగానే ఆవిడ కుర్చీ తీసుకెళ్ళి నోటీసు కిందే వేశాను. ఆవిణ్ణి ఎత్తుకొచ్చి కూర్చోబెట్టాను. వీధిలో ప్రతి కిటికీ రెక్కా ఒక వేలెడు తెరుచుకుంది. మనిషి మాత్రం ఒక్కరూ రాలేదు.

కాసేపటికి మునిసిపల్ పోలీసు ఫెర్మిన్ వచ్చాడు. ఈ వీధిలో పుట్టినవాడే. టోపీ సర్దుకుని, "దోన్యా లియోకాదియా, తప్పుగా అనుకోకండి. లోపలికి వెళ్ళాలి" అన్నాడు.

"ఎవరూ? ఫెర్మినువా? నీ ముడ్డి గుడ్డలు మార్చిన చేతులురా ఇవి."

"తెలుసు పెద్దమ్మా. అయినా లేవండి."

"నాకు కాళ్ళెక్కడున్నాయి? లేపు."

వాడు చేతులు చాచాడు. ఆవిడ "అమ్మో, నా తుంటి! చంపేస్తున్నాడ్రోయ్!" అని కేక పెట్టింది. వాడు చేతులు కాలినట్టు వెనక్కి తీసుకున్నాడు.

"ఎత్తడం తెలిసింది దీనికొక్కదానికే" అని ఆవిడ నన్ను చూపించింది.

వాడు నా వైపు తిరిగి, "అమ్మా, ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళండి" అన్నాడు.

నేను నవ్వాను. పన్ను కట్టమన్నవాడి ముందు నువ్వు నవ్వుతావే, ఆ నవ్వు. "ఇవాళ ఎండగా ఉంది" అన్నాను.

"అది కాదు. ఆవిణ్ణి... లోపలికి..." అని చేతులతో ఎత్తినట్టు, మోసినట్టు చూపించాడు.

"మందు వేసుకున్నారా?" అన్నాను.

వాడు చెమటలు కక్కుతూ నడివీధిలో లేని ముసలమ్మని ఎత్తి, మోసి, దించి చూపించాడు. రెండుసార్లు. రెండోసారి మోకాళ్ళు కూడా వంచాడు. అప్పుడు ఏదో కిటికీలోంచి కిసుక్కుమని వినిపించింది. తరవాత ఇంకోటి. ఫినా తలుపు తెరుచుకుంది. కుర్చీ తెచ్చి లియోకాదియా పక్కన దబ్బున వేసి కూర్చుని, "నన్ను కూడా మోసి చూపించరా ఫెర్మినూ" అంది. ఆ వెనక ఎల్విరా, ఆ వెనక అందరూ. వాడు టోపీ తీసి తుడుచుకుని, నోటీసు వైపు చూసి, "నేనివాళ ఈ వీధికి రాలేదు" అని వెళ్ళిపోయాడు. నోటీసు ఎండకి ఊడి పడిపోయింది. మళ్ళీ ఎవరూ అంటించలేదు.

ఇది మంచి కబురు. ఇక చెడ్డది.

కుర్చీలు గుండ్రంగా వేసుకున్నారు. లియోకాదియాకి ఒకవైపు ఫినా, ఇంకోవైపు ఎల్విరా. నేను లోపలినుంచి ఒక ముక్కాలిపీట తెచ్చి నిలబడ్డాను. ఎవరైనా కుర్చీ ఓ జానెడు జరిపితే నాకు చోటు. ఎవరూ జరపలేదు. పొమ్మని కూడా అనలేదు. నేను లేనట్టే మాట్లాడుకున్నారు. పీట తీసుకుని వెనక్కి వచ్చి గడప మీద కూర్చున్నాను. అప్పటినుంచీ అక్కడే.

పోనీ అంటే, ఆ సాయంత్రం కథ ఇప్పుడు ఊరంతా చెప్పుకుంటున్నారు. కుర్చీల దగ్గర రోజూ ఎవరో ఒకరికి కొత్తగా చెబుతారు. అందులో లియోకాదియా ఉంటుంది, ఫెర్మిన్ ఉంటాడు, ఫినా కుర్చీ వేసిన చప్పుడు కూడా ఉంటుంది. "పనమ్మాయికి భాష రాదు, పాపం" అని ఒక ముక్కలో నేను వెళ్ళిపోతాను. నా జన్మలో ఆడిన నాటకాల్లోకెల్లా గొప్పది, అక్కా! పది కిటికీలు చూశాయి. ఒక్కరికీ అది నాటకమని తెలీదు. లియోకాదియాకి తెలుసేమో అని ఆశపడ్డాను. ఆవిడ కూడా అదే చెబుతోంది, "దానికి భాష రాదు, పాపం."

మోసపోయినట్టు తెలియని వాళ్ళని మోసం చేసి ఏం లాభం చెప్పు.

గడప మీదినుంచి,
వెతూరియా

*

నవంబరు 12

అక్కా,

లియోకాదియా పోయింది. అక్టోబరు చివర్లో, పగటిపూట, నేను దానిమ్మకాయ గింజలు వలుస్తుంటే. "తొక్క సన్నగా తియ్యి పిల్లా" అంది. నేను తలెత్తేసరికి లేదు. మనిషి అంత విసుగ్గా పోవడం నేనెప్పుడూ చూడలేదు. ఏడ్చాను. కారణం అడక్కు, నాకూ తెలీదు. వేసవి ఆవిడకి వెనక్కి ఇచ్చాను, అదొక్కటే తృప్తి.

ఇక్కడ చావులు మన చావుల్లా కావు. మర్నాటికల్లా అన్నీ అయిపోతాయి. ఊరి చివర శవాలకని ఒక చల్లటి భవనం ఉంది. అద్దం వెనక మనిషిని పడుకోబెడతారు; ఇవతల సోఫాల్లో కూర్చుని చుట్టాలు నారింజ ధరలు మాట్లాడుకుంటారు. నేను తెల్లారేలోపు లేచి, మన అమ్మ చేసినట్టే గోధుమలు ఉడికించి, తేనె, అక్రోటు గింజలు కలిపి, పైన చక్కెర పొడి చల్లి, మధ్యలో శిలువ గీసి, పళ్ళెంలో పట్టుకెళ్ళాను. పోయినవాళ్ళ పేరు మీద నలుగురు తలో చెంచా తినాలి కదా. లేకపోతే ఆవిడ అక్కడ ఆకలితో ఉండాలి.

తలుపు తీసుకుని వెళ్ళగానే అందరూ నా చేతుల్లోకి చూశారు. అమాదెయో భార్య గుసగుసగా, "కేకు తెచ్చిందేంటండీ? ఎవరిదైనా పుట్టినరోజా?" అంది. ఇక్కడ చావు దగ్గర ఏమీ తినరట. నాకెవరు చెప్పారు? నేను పళ్ళెం పట్టుకుని ఆ గది మధ్యలో నిలబడ్డాను. చెప్పాల్సిన మాటలు ఒక్కటీ స్పానిష్‌లో లేవు. ఫినా ఒకసారి చూసి తల పక్కకి తిప్పుకుంది. అమాదెయో వచ్చి నా భుజం తట్టి, "దీన్ని బయట పెట్టండి" అన్నాడు.

బయట మెట్ల మీద కూర్చుని ఒక్కదాన్నే తిన్నాను. నలుగురి వంతూ నేనే. కడుపు పట్టలేదు. అయినా తిన్నాను. ఆవిడ ఆకలితో ఉండకూడదని.

అమాదెయో ఈ ఇల్లు అమ్మేస్తున్నాడు. సంవత్సరం చివరిదాకా ఉండి సామాను సర్దిపెట్టమన్నాడు. "మీరు మా ఇంటి మనిషి కదా" అన్నాడు, తాళాల లెక్క చూసుకుంటూ.

సర్దేసి వచ్చేస్తానక్కా. నిశ్చయమైపోయింది. మన పిన్నికూతురి బేకరీలో పని ఇంకా ఉందా అని అడుగు. లేకపోయినా వస్తాను. అక్కడ నన్ను తిట్టేవాళ్ళయినా ఉన్నారు. ఇక్కడ ఒక మనిషికి కూడా నేను తెలీదు. నేనేంటో తెలియకుండానే నన్ను క్షమించేశారు కూడా. అంతకంటే అవమానం లేదు. డిసెంబరు ముప్పైన బస్సు. ఎవరికీ చెప్పొద్దు, చెబితే స్టాండుకి పూలు పట్టుకొస్తారు. నాకు ఏడుపు వస్తుంది.

వెతూరియా

*

డిసెంబరు 29

పూలు కొనేసి ఉంటే నీళ్ళలో పెట్టుకో అక్కా,

నేను రావడం లేదు. ఫోనులో చెబితే అరుస్తావు. అందుకే రాస్తున్నాను. చివరిదాకా చదివి అప్పుడు అరుద్దువుగాని.

నిన్న అందరి దగ్గరా సెలవు తీసుకుందామని బయల్దేరాను. నలుగురు కూడా లేరు గానీ, మర్యాద మర్యాదే. మంచి కోటు వేసుకున్నాను. పెద్దమనిషిలా మాట్లాడాలని ఒక వాక్యం వారం రోజులు బట్టీ పట్టాను: "మీ ఆదరణకు కృతజ్ఞురాలిని, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

ముందు రొట్టెల కొట్టు. వాక్యం చెప్పాను. ఎల్విరా గల్లా దాటుకుని వచ్చి నన్ను కౌగిలించుకుంది. అక్కా, ఈ ఊళ్ళో ఇన్నాళ్ళలో నన్ను ముట్టుకున్నది భుజం తట్టే అమాదెయో ఒక్కడే. నాకు కళ్ళమ్మట నీళ్ళు. అలాగే మందుల కొట్టుకి వెళ్ళాను. ఆయన మొహం విప్పార్చుకుని నవ్వాడు. చర్చి ముందు ఫెర్మిన్ సెల్యూట్ కొట్టాడు. బారు ముందు ముసలాళ్ళు లేచి నిలబడ్డారు. ఎవరిని చూసినా నవ్వే. నేను పోతున్నానంటే ఊరికి ఇంత సంతోషమా అనిపించింది. అయినా తలెత్తుకుని నడిచాను. చివరికి ఫినా. గుమ్మంలోనే నిలబడి వాక్యం చెప్పాను. అది పెదవి కొరుక్కుంటూ నేల చూపులు చూసింది. కనీసం సిగ్గుపడిందిలే అనుకున్నాను.

ఇంటికి వచ్చి కోటు విప్పి కుర్చీ మీద వేస్తే వీపున మనిషి! న్యూస్‌పేపరు కత్తిరించి చేసిన కాగితం బొమ్మ. చేతులు, కాళ్ళు, పెద్ద తలకాయ. టేపుతో అతికించి ఉంది. ఊరంతా నేను దాన్ని మోసుకుంటూ, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అని దీవించుకుంటూ తిరిగాను.

నాకు ఇంకేమీ కనిపించలేదు. ఇంట్లో చెప్పులతోనే వెళ్ళి ఫినా తలుపు బాదాను. అది తలుపు తీయగానే మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో చెబితే ఈ కాగితం నల్లబడుతుంది. దాని ముక్కు నుంచి మొదలుపెట్టి మొగుడి గురకదాకా వచ్చాను. "పోయేదాన్ని కూడా నవ్వించి పంపుతారా? చావు దగ్గర నా గోధుమలు చూసి మొహం తిప్పుకున్నావు, ఇవాళ నా వీపు చూసి నవ్వుతావా? నువ్వు మహారాణివి కావే, కుర్చీకి నాలుగు కాళ్ళుంటే ఐదో కాలివి!" బాల్కనీలన్నీ నిండిపోయాయి. ఎక్కడా ఆగలేదు, తడుముకోలేదు. మధ్యలో నాకే అనుమానం వచ్చింది, ఇంత స్పానిష్ ఎవరు మాట్లాడుతున్నారా అని.

ఫినా చేతులు కట్టుకుని అంతా విని, బాల్కనీల వైపు తలెత్తి, "విన్నారా? నేను చెప్పలే, దీనికి నోరుందని!" అంది. అప్పుడు నా వైపు తిరిగి, "ఇవాళ పసిపిల్లల పండగే పిచ్చిదానా. ఏ రాజో పసివాళ్ళని చంపించిన రోజు. చర్చిలో ఏడుస్తాం, బయట ఒకళ్ళనొకళ్ళం వెర్రివాళ్ళని చేసుకుంటాం. నీ ఏప్రిల్ ఒకటి మాకు ఇవాళ."

"అయితే నేనే దొరికానా?"

"చర్చి ఫాదరు వీపు చూడు పో. ఫెర్మిన్‌కి రెండున్నాయి." అటుగా వచ్చిన ఎల్విరా అందుకుంది, "దారినపోయేవాళ్ళకి అతికిస్తామా? పోయినేడాది అమాదెయో ఇదే రోజున వచ్చాడు. వాడికి అతికించలేదు. వాడితో మనకేం పని?"

"ఏప్రిల్లో నా నెత్తిన కుర్చీ పెట్టి ఊరంతా తిప్పావు" అంది ఫినా. "అది ఆట అని నాకు ఆ సాయంత్రమే తెలిసింది. నీ మొహం చూస్తే తెలీదూ? బాకీ ఉంచుకుంటానా? తొమ్మిది నెలలు ఆగాను. నువ్వేమో ఇంకో రెండు రోజుల్లో పారిపోతానంటావు!"

"మరి ఫెర్మిన్ వచ్చిన సాయంత్రం?"

"ఎండగా ఉంది అన్నావు చూడు," అంటూనే నవ్వాపుకోలేక ద్వారబంధం పట్టుకుంది. "కిటికీ వెనక నవ్వి నవ్వి నాకు పక్కటెముక పట్టేసింది. అలా నటించేదాన్ని ఈ ఊళ్ళో ఇంకోదాన్ని చూపించు."

వేసవి నుంచీ నేను ఎదురుచూసిన మాట అదే. అయినా అడిగాను. "వేసవంతా నన్ను గడప మీద కూర్చోబెట్టారు. అదీ ఆటేనా?"

దాని నవ్వు ఆగిపోయింది. "కాదు. అది కోపం. కోపం వేరు, బాకీ వేరు."

"ఇప్పుడు?"

"కొంచెం ఉంది ఇంకా."

అబద్ధం చెప్పనందుకు దాన్ని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పెట్టుకోలేదు. నాకూ ఉందిగా కొంచెం. ఆ గోధుమల పళ్ళెం నేను మర్చిపోను. దానికి తెలుసు నేను మర్చిపోనని. క్షమాపణ అడగలేదు, నేనూ అడగలేదు.

తిరిగి వస్తూ ఎల్విరాని ఆపాను. "ఆ కౌగిలి కూడా దొంగదేనా?"

"టేపు అతికించడానికి అంతసేపు పట్టదే" అని కొట్లోకి పోయింది.

ఇందులో తీపి ఏమీ వెతక్కు. నాకు దొరికిన కొత్త పని ఫినా అత్తగారి దగ్గర. పై సందులో ఉంటుంది, కోపం వస్తే మందు సీసాలు విసురుతుందట. ముందున్నామె అందుకే పారిపోయింది. "నీకే తగింది" అంది ఫినా. ఇదీ దాని దెబ్బేనేమో ఇంకా తేలలేదు. అమాదెయో తాళాలు తీసుకుని నాకు చెయ్యి కూడా ఊపలేదు. చలి ఎముకలు కొరుకుతోంది. నీ చేతి పులుసు గుర్తొచ్చి పొద్దున కాసేపు ఏడ్చాను కూడా. ఈ ఊరు నాది అయిపోయిందని రాయడం లేదక్కా. ఇక్కడ నాకు ఒక శత్రువు దొరికిందని రాస్తున్నాను.

తొమ్మిది నెలలు మొహం చిట్లించుకుని పొంచి కూర్చున్న మనిషిని వదిలేసి బస్సెక్కి వస్తే, నన్ను కన్నందుకు మన అమ్మ సమాధిలో అటు తిరిగి పడుకుంటుంది. బదులు తీర్చాలి. తీర్చాలంటే మళ్ళీ వీళ్ళ పండగదాకా ఆగాలి, పూర్తిగా ఏడాది. నేను ఎదురుచూస్తున్నానని ఫినాకి తెలుసు. ఇప్పటినుంచే వీపు గోడకి ఆనించి నడుస్తోంది.

ఏం చేయబోతున్నానో నీకు కూడా చెప్పను.

నీ మొండి చెల్లెలు,
వెతూరియా